వెంట్రుకవాసి: కాడిలాక్ కారు చరిత్ర, దాని విశ్వసనీయత



మిక్కిలి స్వల్పమైన ఎడమును చెప్పవలసి వచ్చినప్పుడెల్ల మన పెద్దలు వెంట్రుకవాసి అన్నారు. ఆ మాటను నేను చిరకాలము అలంకారముగానే భావించితిని. అది చేతితో తాకి తెలిసికొనదగిన ఒక కొలత అని నాకు బోధపడినది బాల్యములో, విజయవాడ ఆటోనగరులోని ఒక రేకుల షెడ్డులో. మా ఇంటి పాతకారు టకటకమని చప్పుడు చేయుచుండగా, నెరసిన గడ్డముగల మిస్త్రీ ఒకరు ఇంజను పైమూత విప్పి, చాకు మడతలవలె ఒకదానిపై నొకటి అమరియున్న ఉక్కురేకుల కట్టలోనుండి ఒక పలుచని రేకును వెలికితీసి, వాల్వు కొసకును దానిని నొక్కెడు రాకరుకును నడుమ దూర్చి, మెల్లగా వెనుకకు లాగి, మర ఇంచుక త్రిప్పి, మరల లాగి చూచినాడు. ఆ రేకును ఫీలరు గేజి అంటారు. ఆ ఇంజనుకు ఉండవలసిన సందు పదిహేను థౌలు; థౌ అనగా అంగుళములో వేయవ వంతు; మన తలవెంట్రుక మందము సుమారు రెండు మొదలు నాలుగు థౌలు. నేను తొంగి చూచుచుండగా ఆయన, "బాబూ, కంటితో చూస్తే తెలిసేది కాదిది. రేకు లాగినప్పుడు వేలికి పట్టీపట్టనట్టు తగలాలి, అదీ లెక్క" అన్నాడు.

ఒక యంత్రమును మనుష్యుడు నమ్ముట యనెడు పెద్ద విషయము ఇట్టి వెంట్రుకవాసి కొలతలపై ఆధారపడి యుండునని చెప్పుటకు, అమెరికా దేశములో నూటయిరువది యేండ్లకు పైబడి వాడుకలో నున్న కాడిలాక్ అను కారు చరిత్రకంటె మంచి దృష్టాంతము నాకు తోచలేదు. ఆ కొలతవలన ఈ కారు లోకఖ్యాతి నార్జించినది; ఆ కొలత తప్పిననాడు ఆ ఖ్యాతిని పోగొట్టుకొన్నది. ఆ రెండు ఘట్టములను ఈ ప్రసంగములో మీ ముందుంచెదను.

మిచిగన్ రాష్ట్రములోని డిట్రాయిట్ నగరమును 1701లో స్థాపించిన ఫ్రెంచివాడు ఆంత్వాన్ ద లా మోత్ కాడిలాక్. ఆ నగరము రెండువందల యేండ్ల పండుగ జరుపుకొన్న మరుసటి సంవత్సరమే, అనగా 1902లో, అక్కడ పుట్టిన ఒక కార్ల కంపెనీకి ఆయన పేరు పెట్టినారు. కాని ఆ కంపెనీకి ప్రాణము పోసినవాడు హెన్రీ లేలాండ్. మన దారులపై తిరుగు అశోక్ లేలాండ్ లారీల పేరులోని లేలాండ్ ఇంగ్లాండులోని ఒక ఊరు. ఈ హెన్రీ లేలాండుకు దానితో సంబంధము లేదు. ఈయన 1843లో వెర్మాంట్ రాష్ట్రమున జన్మించి, అమెరికా అంతర్యుద్ధ కాలములో స్ప్రింగ్‌ఫీల్డులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారమున పనిముట్లు చేయువాడుగా చేరినాడు. ఒక తుపాకి భాగము విరిగినయెడల రణరంగముననే వేరొక తుపాకి భాగమును తెచ్చి అందులో అమర్చగలుగవలె ననెడు నియమము ఆ కర్మాగారమునకు వేదవాక్యము. యువకుడైన లేలాండు మనస్సున ఆ నియమము చెరగని ముద్ర వేసినది. అటుపిమ్మట ప్రావిడెన్సు నగరమున, సూక్ష్మమైన కొలత పరికరములకు పేరుగన్న బ్రౌన్ అండ్ షార్ప్ కర్మాగారములో పనిచేసి, 1890లో డిట్రాయిట్ చేరి సొంత యంత్రశాల నెలకొల్పినాడు. క్షురకులు చేత పట్టుకొని జుట్టు కత్తిరించెడు యంత్రమును తీర్చిదిద్దిన ఖ్యాతియు ఆయనకు కలదు.

మోటారు కార్ల కాలము అప్పుడప్పుడే ఉదయించుచున్నది. ఓల్డ్స్ అను కంపెనీ తన కారుకు కావలసిన ఇంజన్లను డాడ్జి సోదరులచేతను, లేలాండు యంత్రశాలచేతను చేయించినది. నమూనా ఒక్కటే, అయినను లేలాండు చేసిన ఇంజను అధికబలము చూపినది. పిస్టను సిలిండరులో ఎంత ఒదిగి కదలవలెనో అంతే ఒదిగి కదలుట, పళ్లచక్రము పంటికి పన్ను తూచినట్లు కలియుట, ఇవియే దానికి కారణములు. ఆ ఇంజనును లేలాండు ఇంకను మెరుగుపరచి ఓల్డ్స్ వారికి చూపగా, కొత్త పనిముట్లకు అయ్యెడు వ్యయమునకు, కాలహరణమునకు జంకి వారు దానిని వలదన్నారు.

సరిగా ఆ రోజులలోనే హెన్రీ ఫోర్డు తన పేరిట నున్న ఒక కంపెనీలో భాగస్వాములతో పొసగక బయటికి వెళ్లిపోయినాడు. మిగిలిన ధనికులు యంత్రములను అమ్మి చేతులు కడుగుకొనవలెనని తలచి, వెల కట్టుటకు లేలాండును పిలిపించినారు. ఆయన వెల కట్టినాడు. కాని కట్టి, అమ్మవలదని, తన వద్ద మంచి ఇంజను సిద్ధముగా నున్నదని, దానితో కార్లు చేయవచ్చునని బోధించినాడు. ఓల్డ్స్ వారు కాదన్న ఇంజను, ఫోర్డు విడిచిపోయిన షెడ్డు కలసి కాడిలాక్ అయినవి. మొదటి బండి 1902 అక్టోబరులో తయారైనది. 1903 జనవరి న్యూయార్కు ప్రదర్శనములో 2,286 బండ్లకు ఆర్డర్లు వచ్చినవి.

ఇక ఈ కథలో హృదయస్థానమైన ఘట్టమునకు వచ్చెదను.

1908 నాటి ఐరోపాలో కారు అనునది ఒక శిల్పమువలె ఒక్కొక్కటిగా మలచబడెడి వస్తువు. నేర్పరియైన పనివాడు ఆకురాయి చేతబట్టి, ఈ భాగమును కొంత, ఆ భాగమును కొంత రాచి, రెంటిని కలిపి బిగించెడివాడు. ఒక కారు చక్రపుటిరుసు, అదే కంపెనీ అదే నెలలో చేసిన మరియొక కారుకు పట్టెడిది కాదు. భాగము విరిగెనా, కొత్తదానిని తెచ్చి మరల ఆకురాయితో రాచుకొనవలసినదే. అమెరికా నుండి వచ్చెడు చవుకబండ్లను ఆ దేశములవారు చిన్నచూపు చూచెడివారు. కాడిలాక్ కారుకు లండను ఏజెంటుగా నుండిన ఫ్రెడరిక్ బెన్నెట్టు ఈ చులకనను సహింపలేక, తన బండ్లను ఏ పరీక్షకైనను నిలిపెదనని రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు వారికి తెలిపినాడు.

ఆ సంవత్సరము ఫిబ్రవరి నెలాఖరున క్లబ్బు ప్రతినిధులు ఆయన కొట్టునకు వచ్చి, అమ్మకమునకు సిద్ధముగా నున్న ఒంటి సిలిండరు బండ్లలో మూడింటిని తామే ఎంచినారు. వానిని బ్రూక్‌లాండ్స్ అను పందెపు బాటకు నడిపించుకొనిపోయి, బాట చుట్టును త్రిప్పి, నడకలో లోపము లేదని రూఢిచేసికొని, ఆపై విప్పించిరి. విప్పుట యనగా ఏదో నాలుగు బోల్టులు ఊడదీయుట గాదు. ఒక్కొక్క బండిలో 721 భాగములు. మూడు బండ్ల భాగములును నేలపై గుట్టగా పోసి, ఇది దేనిదో గుర్తింప శక్యము కాకుండ కలిపివేసిరి. అంతటితో ఆగక, మిక్కిలి సూక్ష్మమైన అమరిక కోరెడు 89 భాగములను ఆ గుట్టలోనుండి ఏరి తీసి, తాళము వేసి దాచి, వాని స్థానమున ఏజెంటు కొట్టులోని మామూలు విడిభాగములను తెప్పించిరి. అప్పుడు, ఈ రాశినుండి మూడు కార్లను మరల నిలబెట్టుమనిరి. చేతికిచ్చిన పనిముట్లు పానాలు, స్క్రూడ్రైవర్లు మాత్రమే. ఆకురాయి ముట్టరాదు, రాచుట, నూరుట నిషిద్ధము.

ఆ దినములలో వానలు కురిసి, షెడ్డులోనికి నీరు వచ్చి, భాగములకు త్రుప్పు పట్టినది. అయినను పనివారు తుడిచి, పొందించి, బిగించినారు. మార్చి నెల రెండవ వారమునాటికి మూడు బండ్లును లేచి నిలిచినవి. ఒక బండి రెక్క మరియొక బండికి, ఒక రంగు చక్రము వేరొక రంగు దేహమునకు చేరినందున, అవి చూచుటకు పగటివేషగాని చొక్కావలె రంగురంగుల అతుకులతో నుండెను. కాని ఇంజన్లు తిరిగినవి. ఆ మూడు బండ్లును ఒక్కొక్కటి 500 మైళ్లు ఆ బాటపై పరుగెత్తినవి. పరీక్ష ముగిసిన పిమ్మట అందొక బండిని క్లబ్బువారు తాళము వేసి జూను వరకు నుంచి, తీసినవెంటనే 2,000 మైళ్ల పోటీకి పంపగా, అదియు తన తరగతిలో బహుమానము గెలిచినది. ఆ క్లబ్బువారు ఇచ్చెడు డ్యూయరు ట్రోఫీ ఆ సంవత్సరమునకు కాడిలాక్ కంపెనీకి లభించినది. అమెరికా కారు ఒకటి ఆ గౌరవమును పొందుట అదియే ప్రథమము.

శ్రోతలారా, ఈ పరీక్ష ఫలితము నేడు మనకు నిత్యవ్యవహారమై, కంటికి కనిపింపకున్నది. మన ఊరి కొట్టునకు పోయి, ఫలానా బండికి బ్రేకు షూ ఇమ్మని అడిగి, పొట్లము విప్పి, బండికి బిగించి, అరగంటలో ఇంటికి వచ్చుచున్నాము. ఆ పొట్లములోని వస్తువు మన బండిని ఎన్నడును చూడలేదు. అయినను దానికి సరిపోవుచున్నది. ఎక్కడనో ఒకడు, మన మెవరమో తెలియకయే, మన కొఱకు కొలత తప్పకుండ పనిచేసినాడన్నమాట. విశ్వసనీయతకు ఇంతకంటె మేలైన నిర్వచనము నాకు తెలియదు. అట్టి కొలతకు ప్రమాణము కావలెననియే లేలాండు, స్వీడను దేశపు యోహాన్సన్ కనిపెట్టిన ఉక్కుదిమ్మెల గేజిలను అమెరికా కార్ల పరిశ్రమలో అందరికంటె ముందు తెప్పించినవారిలో నొకడైనాడు.

రెండవ విజయము కారును నడిపించుటలో గాక, కదలించుటలో లభించినది. ఆ కాలపు కారును లేపవలెనన్న ముందువైపున హ్యాండిల్ దూర్చి బలముకొద్ది త్రిప్పవలసినదే. పాతకాలపు లారీలు నడిపిన మన డ్రైవర్లకు ఇది సుపరిచితము. బొటనవ్రేలిని హ్యాండిల్‌కు చుట్టక, తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఆనించి పట్టవలెనని వారు క్లీనరు కుర్రవానికి మొదట నేర్పెడివారు. ఏలయన, ఇంజను ఎదురుతిరిగి తన్నినచో మణికట్టు విరుగును. డిట్రాయిట్ నగరమున పరంపరగా చెప్పుకొనెడు కథ యొకటి కలదు: దారిలో ఆగిపోయిన ఒక స్త్రీ కారును లేపబోయి, హ్యాండిల్ తన్నుటచేత దవడ విరిగి, లేలాండు మిత్రుడొకడు పిమ్మట మరణించినాడనియు, ఆ దుఃఖమే లేలాండును కొత్త ఉపాయము వెదకించినదనియు అందురు. కారణ మేదైనను, ఒహాయో రాష్ట్రమున డేటన్ నగరవాసియైన చార్లెస్ కెటరింగు ఆ ఉపాయమును సాధించినాడు. కొట్లలో డబ్బు లెక్కించెడు యంత్రమునకు చిన్న విద్యున్మోటారు అమర్చి, క్షణకాలమునకు మాత్రము అధికబలము చూపునట్లు చేసిన అనుభవము ఆయనకు లోగడ కలదు. ఇంజనును లేపుటకు కావలసినదియు ఆ క్షణకాలపు బలమే. 1912 కాడిలాక్ కార్లలో విద్యుత్‌స్టార్టరును, విద్యుద్దీపములను అమర్చినారు. డ్యూయరు ట్రోఫీ మరల వచ్చినది. కండబలము లేనివారికిని, స్త్రీలకును, వృద్ధులకును కారు స్వాధీనమైనది ఈ ఉపాయమువలననే.

కాని మహోన్నతి యందు లోపములు రాకపోలేదు. 1914లో ఈ కంపెనీ ఎనిమిది సిలిండర్ల వి ఆకారపు ఇంజనును ప్రవేశపెట్టగా, మొదటి బండ్లలో కొన్ని చిక్కులు తలెత్తినవి. ప్రత్యర్థులు వానిని చాటింపు వేసినారు. అప్పుడు థియడోరు మెక్‌మేనస్ అను రచయిత, కారు పేరుగాని, ఇంజను పేరుగాని ఎత్తక, అగ్రస్థానమున నిలిచినవానికి అసూయాపరుల నింద తప్పదను భావముతో ఒక ప్రకటన వ్రాసినాడు. 1915 జనవరిలో వెలువడిన ఆ ప్రకటనను నేటికిని ప్రకటనల విద్యార్థులు అధ్యయనము చేయుదురు. అయినను నిందకు నిజమైన సమాధానము చెప్పినది ఇంజనే. 1917లో అమెరికా సైన్యము టెక్సాసు రాష్ట్రమున, మార్ఫా ఊరి పరిసరములందలి కఠినభూమిపై పెక్కు కార్లను పరీక్షించి, సైనికాధికారుల ప్రయాణమునకు కాడిలాక్ కారునే ఎన్నుకొనినది.

ఆ సంవత్సరమే లేలాండు కంపెనీని విడిచినాడు. 1909లోనే కాడిలాక్ జనరల్ మోటార్సు సంస్థలో చేరియుండెను. మొదటి ప్రపంచయుద్ధమునకై విమానపు ఇంజన్లు చేయు విషయమున ఆ సంస్థాధిపతితో భేదించి, ఆయన లింకను అను కొత్త కంపెనీని స్థాపించినాడు. డబ్బుచిక్కులలో పడిన ఆ లింకనును 1922లో కొన్నవాడు హెన్రీ ఫోర్డు. ఇరువది యేండ్లక్రిందట ఫోర్డు విడిచిన షెడ్డులో లేలాండు అడుగిడగా, ఇప్పుడు లేలాండు కట్టిన శాలలో ఫోర్డు అడుగిడినాడు. అమెరికాలో రెండు గొప్ప కార్ల పేర్లు ఒకే వృద్ధుని చేతినుండి వెలువడినవి.

తరువాతి దశాబ్దముల కథను వేగముగా దాటెదను. గేరు మార్చునప్పుడు పళ్లు కరకరలాడకుండ చేసెడు సింక్రోమెష్ ఏర్పాటును 1928లో మొదట కార్లలో తెచ్చినది కాడిలాక్. రెండవ ప్రపంచయుద్ధమున ఈ కంపెనీవారి ఇంజన్లు రెండేసి చొప్పున, స్వయంచాలక గేరుపెట్టెలతో సహా, తేలికరకపు ఎం5 టాంకులలో నెక్కినవి. వీథులపై తిరుగు కారుకై చేసిన యంత్రము యుద్ధభూమిలో నిలిచినది. 1949 నమూనాలో వచ్చిన కొత్త ఎనిమిది సిలిండర్ల ఇంజను ఎంత గట్టిదనగా, మరుసటి యేడు ఫ్రాన్సులోని ల మాన్ ఇరువదినాలుగు గంటల పందెమున, దాదాపు యథాతథముగా దింపిన కాడిలాక్ ఒకటి పదవ స్థానమున గమ్యము చేరినది. ఆ కాలముననే యుద్ధవిమానమును చూచి ఊహించిన తోకరెక్కలు ఈ కార్లకు మొలచి, ఏటేట పెరిగి, 1959 నాటికి ఆకాశమును పొడుచునంతటివైనవి. కాడిలాక్ అను మాటయే అమెరికా ఆంగ్లములో శ్రేష్ఠతకు పర్యాయపదమైనది.

ఇక పతనము. దీనిని చెప్పుట నాకు ప్రియము గాదు. కాని మెచ్చుకొన్నదాని దోషములను దాచుట మెప్పుకు అపచారము.

1973లోను, 1979లోను చమురు కరవు వచ్చినది. కార్లు తక్కువ పెట్రోలు త్రాగవలెనని అమెరికా ప్రభుత్వము చట్టము చేసినది. తొందర మొదలైనది. తోటి శాఖయైన ఓల్డ్స్‌మొబైల్ చేసిన డీజిలు ఇంజనును కాడిలాక్ కార్లలో పెట్టినారు. డీజిలు ఇంజనులో ఒత్తిడి పెట్రోలు ఇంజనుకంటె రెండురెట్లకు మించి యుండును. అయినను హెడ్డును పట్టియుంచెడు బోల్టుల అమరికను పెట్రోలు ఇంజనుకువలెనే ఉంచినారు. గాస్కెట్లు పోయినవి, ఇంజన్లు చెడినవి. 1981లో, అవసరమును బట్టి ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్లతో నడిచెడు ఇంజనును తెచ్చినారు. ఊహ గొప్పది, నేడు అనేక కార్లలో అదియే సాఫీగా నడచుచున్నది. కాని ఆనాటి చిన్న కంప్యూటరు ఆ పనికి చాలనందున బండి కుదుపులు పెట్టగా, యజమానులు దాని తీగెను ఊడదీయించి, ఎప్పుడును ఎనిమిదితోనే నడుపుకొన్నారు. 1982లో అల్యూమినియపు దిమ్మెపై పోత ఇనుపహెడ్లు పెట్టిన ఇంజను వచ్చినది. వేడికి అల్యూమినియము ఒకతీరుగా, ఇనుము ఒకతీరుగా వ్యాకోచించును; ఆ రెంటి నడుమ గాస్కెట్టు నలిగి, నీరు నూనెలో కలిసి, బేరింగులను తినివేసినది.

1990లో ఈ కంపెనీ నాణ్యతకై అమెరికా ప్రభుత్వమిచ్చు బాల్డ్రిజి పురస్కారము నందుకొని లేచి నిలువజూచినది. ఆ పిమ్మట నార్త్‌స్టార్ అను 4.6 లీటర్ల ఇంజను వచ్చినది. నీరంతయు కారిపోయినను, సిలిండర్లకు వంతులవారీగా విశ్రాంతి నిచ్చుచు ఇల్లు చేర్చగల నేర్పు దానికి కలదు. లక్ష మైళ్లవరకు ప్లగ్గులు మార్చనక్కరలేదు. ఇంత విద్యయు కల ఆ ఇంజనుకు జబ్బు ఎక్కడ వచ్చినదో వినుడు: హెడ్డు బోల్టు, అల్యూమినియపు దిమ్మెలో పట్టుకొన్న మరలో. ఏండ్లు గడచినకొలది వేడెక్కి చల్లారి, చల్లారి వేడెక్కి, ఆ మెత్తని లోహములోని సన్నని చుట్లు జారినవి; బోల్టు సడలినది; గాస్కెట్టు ఊడినది. ఆ బోల్టు వ్రేలెడంత మాత్రమే. కాని దానిని బాగుచేయుటకు ఇంజనును మొత్తముగా బండి క్రిందినుండి దింపి, పట్టు పోయిన రంధ్రములను తొలిచి, వానిలో ఉక్కు మరలను బిగింపవలసి యుండెను. తరువాతి సంవత్సరములలో కంపెనీ ఆ మరను మార్చి సరిదిద్దినది. కాని అప్పటికే ఎందరో యజమానులు వేరు గడప తొక్కినారు. లేలాండు జీవితమంతయు ఏ కొలతకై తపించెనో, ఆయన ప్రాణము పోసిన శాలలో ఆ కొలతయే తప్పినది.

కనుక ఈ కారు నమ్మదగినదా యని మీరు నన్ను ప్రశ్నించినయెడల, నేను తిరిగి ప్రశ్నించెదను: ఏ సంవత్సరపుది? ఏ ఇంజనుగలది? 1949 నాటి ఇంజనును నమ్మవచ్చును. 1982 నాటి దానిని కొనుటకు ముందు నూనె పుల్లను తీసి, దానిపై పాలవంటి నురుగు ఉన్నదేమో చూడవలెను. బండిముందరి చిహ్నము ఒక్కటే. దానివెనుకనున్న యంత్రములు మాత్రము వేరు వేరు మనుష్యులు, వేరు వేరు తొందరలలో చేసినవి. పాతబండి కొనదలచినవారెవరైనను, అది ఏ దేశపుదైనను, పేరునకు మ్రొక్కక, ఆ ఇంజను ఎన్నవ యేటిదో, దాని నీరు, నూనె వేళకు మార్చినారో లేదో విచారించుట వివేకము. కొత్త ఇంజను వెలువడిన మొదటి యేటనే కొనక, ఒకటి రెండేండ్లు నిదానించుట మరింత వివేకము. డిట్రాయిట్ పరిసరములందలి ట్రాయ్, నోవై వంటి ఊళ్లలో స్థిరపడి, కార్ల పరిశ్రమలో పనిచేయుచున్న మన తెలుగు ఇంజనీర్లు ఎందరో కలరు. వారిలో ఎవరి బల్లపై నేడు ఏ మర కొలత నిర్ణయమగుచున్నదో మన మెరుగము. ఈ కథ వారికి నేనిచ్చు ఉపదేశము గాదు, వారి పనికి నేను చేయు నమస్కారము.

నా మనస్సులో ఎప్పుడును మెదలెడు చిత్రము ఒక్కటే. బ్రూక్‌లాండ్స్ బాటపై, తడిసిన మార్చి నెలలో, రంగులు కలియని మూడు బండ్లు. వానిని చూచి ప్రేక్షకులు నవ్వియుందురు. ఒకదాని చక్రము మరొకదానిది, ఒకదాని రెక్క వేరొకదానిది; అయినను హ్యాండిల్ త్రిప్పగానే ఆ మూడును లేచి పరుగెత్తినవి. ఆ బండ్లను తలచినప్పుడెల్ల నాకు ఆటోనగరు షెడ్డులోని ఆ మిస్త్రీ జ్ఞప్తికి వచ్చును. రేకు వేలికి పట్టీపట్టనట్టు తగిలినదని తృప్తి కలిగిన పిమ్మట, ఆయన ఆ రేకును తన లుంగీ అంచుతో శుభ్రముగా తుడిచి, కట్టలో దాని చోట దానిని మడిచి పెట్టి, అప్పుడు గాని ఇంజను మూత బిగింపలేదు. తాళము త్రిప్పగా టకటక చప్పుడు వినబడలేదు. మా నాయనగారు ఎంత ఇమ్మందురని అడుగగా, ముందు ఊళ్లోకి పోయి ఒక చుట్టు తిరిగి రండి, తరువాత చూతమని ఆయన అన్నాడు.